పద్యపాఠ పరిష్కరణ - ఎక్స్.ఎం.ఎల్. పార్సింగ్: ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
పాఠాంతరాలతో కూడిన పద్యకావ్యాన్ని ఎక్స్.ఎం.ఎల్. రూపంలో ట్యాగులతో గుర్తించి, పైథాన్ వంటి స్క్రిప్టింగ్ భాషతో చదివించడం సాహిత్య పరిశోధనలో అందుబాటులో ఉన్న ఒక పద్ధతి. ఈ పఠనాన్ని పార్సింగ్ అంటారు. పార్సర్ దోషం చూపకుండా ఫైలును చదివితే పాఠం సరిగా అందిందనే భావన ఏర్పడుతుంది. ఆ భావన తెలుగు పద్యం విషయంలో ఎంతవరకు నిలుస్తుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ట్యాగుల వృక్షంలో పద్యం ఇమిడే తీరు, పాదం మధ్య వచ్చే పాఠభేదాన్ని స్క్రిప్టు చదివే తీరు, సంధి-సమాసాల వల్ల కలిగే చిక్కులు, ప్రతుల మౌనానికి స్క్రిప్టు చెప్పే అర్థం అనే నాలుగు విషయాలు ఇందులో చర్చకు వస్తాయి. పాఠాన్ని వెలికితీసిన స్క్రిప్టు కూడా పరిష్కరణలో భాగమేనని ప్రతిపాదించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: ఎక్స్.ఎం.ఎల్., పార్సింగ్, పైథాన్, టి.ఇ.ఐ., పాఠపరిష్కరణ, పాఠాంతరాలు, ఛందస్సు, యతి, సంధి.

1. ఉపోద్ఘాతం:
ఒక కావ్యానికి లభించిన ప్రతులను సేకరించి, సరిపోల్చి, సాధుపాఠాన్ని నిర్ణయించి, మిగిలిన పాఠాలను అధోజ్ఞాపికలలో చూపడం పరిష్కర్త పని. పుణేలోని భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థ 1919లో ప్రారంభించి 1966లో పూర్తిచేసిన సంస్కృత మహాభారత సంశోధిత ప్రతి ఈ పద్ధతికి ప్రసిద్ధమైన ఉదాహరణ. అందులో తెలుగు లిపిలోని తాళపత్ర ప్రతులకు కూడా ప్రత్యేక సంకేతం ఉంది. తెలుగులో ఉస్మానియా విశ్వవిద్యాలయం ప్రకటించిన ఆంధ్రమహాభారత సంశోధిత ముద్రణ ఈ మార్గంలోనిదే. ఇటువంటి గ్రంథాలలో పుట పైభాగం పరిష్కర్త నిర్ణయాన్ని చెబుతుంది. ఆ నిర్ణయాన్ని ప్రశ్నించడానికి కావలసిన సాక్ష్యం పుట అడుగున ఉంటుంది.

ఈ రెండింటినీ కంప్యూటరుకు అర్థమయ్యే రీతిలో ఒకేచోట నిలపడానికి ఎక్స్.ఎం.ఎల్. ఉపకరిస్తుంది. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం దీనిని 1998లో ప్రమాణంగా ప్రకటించింది. అంతకుముందే, 1987లో, సాహిత్యపాఠాల అంకనానికి ఉమ్మడి నియమాలు రూపొందించాలనే ఉద్దేశంతో టెక్స్ట్ ఎన్‌కోడింగ్ ఇనీషియేటివ్ (టి.ఇ.ఐ.) మొదలైంది. మొదట ఎస్.జి.ఎం.ఎల్. ఆధారంగా వెలువడిన దాని మార్గదర్శకాలు తరువాత ఎక్స్.ఎం.ఎల్.లోకి మారాయి. పాఠభేదాలను, స్వీకృతపాఠాన్ని, ఏ పాఠం ఏ ప్రతిలో ఉందనే సాక్ష్యాన్ని గుర్తించడానికి అందులో ప్రత్యేకమైన అధ్యాయమే ఉంది.

ఇలా అంకితమైన ఫైలును చదవడానికి పరిశోధకులు ఎక్కువగా ఆశ్రయించే భాష పైథాన్. 2006లో వెలువడిన 2.5 సంచిక నుండి ‘ఎలిమెంట్ ట్రీ’ అనే ఎక్స్.ఎం.ఎల్. పఠన మాడ్యూల్ పైథాన్‌తో పాటే లభిస్తోంది. పది పంక్తుల స్క్రిప్టుతో ఒక కావ్యంలోని పాఠాంతరాలన్నింటినీ పట్టికగా రాబట్టవచ్చు. ఈ సౌలభ్యం కాదనలేనిది. అయితే ఆ పది పంక్తులలో ఎన్ని పరిష్కరణ నిర్ణయాలు దాగి ఉన్నాయన్నది విచారించవలసిన విషయం.

2. వృక్షరూపం - పద్యరూపం:
ఎక్స్.ఎం.ఎల్.లోని ప్రధాన నియమం ఒక్కటే. తెరిచిన ట్యాగులను లోపలి నుండి వరుసగా మూసుకుంటూ రావాలి. అందువల్ల ప్రతి పాఠమూ ఒక వృక్షంగా ఏర్పడుతుంది. కావ్యంలో ఆశ్వాసాలు, ఆశ్వాసంలో పద్యాలు, పద్యంలో పాదాలు ఇమిడి ఉన్నంతవరకు ఇబ్బంది లేదు. పాఠం అంటే అంశాల క్రమబద్ధమైన అంతర్నిర్మాణమే అనే సిద్ధాంతాన్ని 1990లో డిరోజ్, డ్యురాండ్, మైలోనాస్, రెనియర్ అనే పరిశోధకులు ప్రతిపాదించారు. ఒకే పాఠంలో ఒకదానినొకటి ఖండించుకునే నిర్మాణాలు ఉండవచ్చన్న విమర్శ ఎదురుకావడంతో ఆ ప్రతిపాదనను తరువాత వారే సవరించుకోవలసి వచ్చింది.

తెలుగు వృత్తపద్యం ఈ విమర్శకు బలమైన నిదర్శనం. తెలుగు కవి పాదాంతంలో పదాన్ని ముగించవలసిన నియమం లేదు. ఒక పాదంలో మొదలైన సమాసం తరువాతి పాదంలోకి సాగుతుంది. ‘కమలలోచనుఁడు’ అనే పదంలో ‘కమలలో’ ఒక పాదం చివర, ‘చనుఁడు’ తరువాతి పాదం మొదట పడ్డాయనుకుంటే, పదాన్ని, పాదాన్ని రెండింటినీ గుర్తించదలచిన పరిశోధకుడు సహజంగా ఇలా వ్రాస్తాడు:

<పాదం> … <పదం>కమలలో</పాదం>
<పాదం>చనుఁడు</పదం> … </పాదం>

ట్యాగుల పేర్లు తెలుగులో ఉండడానికి ఎక్స్.ఎం.ఎల్. ప్రమాణం అనుమతిస్తుంది కాబట్టి అది దోషం కాదు. పదం ముగియకముందే పాదాన్ని మూయడమే ఇక్కడి దోషం. పార్సర్ ఈ ఫైలును మొదటి పాదం ముగింపు దగ్గరే తిరస్కరిస్తుంది. కవి దృష్టిలో ఇది దోషం కాదు, పద్యం నడక.

దీనికి మూడు పరిహారాలు ప్రచారంలో ఉన్నాయి. పదాన్ని రెండు ముక్కలుగా చేసి, అవి ఒకే పదానికి చెందిన తొలి, తుది భాగాలని సూచించడం మొదటిది. ఇక్కడ ముక్కలను తిరిగి కలిపే బాధ్యత స్క్రిప్టుది. ఆ పని మరచిన స్క్రిప్టు ‘చనుఁడు’ను వేరే పదంగా లెక్కించి, కవి పదజాలంలో లేని మాటను చేరుస్తుంది. పాదాన్ని అంశంగా కాక, పాదం మొదలయ్యే చోట ఒక ఖాళీ ట్యాగుతో మైలురాయిలా సూచించడం రెండవది. అప్పుడు పదాలు అఖండంగా ఉంటాయి కాని, పాదం వృక్షంలో కొమ్మగా ఉండదు. పాదాలను ఇమ్మని అడిగిన స్క్రిప్టుకు మైలురాళ్లు మాత్రమే దొరుకుతాయి. పాఠాన్ని ట్యాగులు లేకుండా ఉంచి, ఎన్నవ స్థానం నుండి ఎన్నవ స్థానం వరకు ఏ అంశం ఉందో విడిగా నమోదు చేయడం మూడవది. ఇందులో పాఠంలో ఒక్క అరసున్న సవరించినా ఆ తరువాతి స్థానసంఖ్యలన్నీ జరుగుతాయి.

ఈ మూడింటిలో దేనిని ఎన్నుకున్నా అది సాంకేతికమైన ఎంపికగా మిగలదు. పద్యంలో ఛందస్సు ప్రధానమా, పదం ప్రధానమా అనే ప్రశ్నకు అది సమాధానం అవుతుంది. తాళపత్రాలలో పద్యాలు పాదవిభాగం గాని, పదవిభాగం గాని లేకుండా ఏకధారగా ఉండేవి. పాదానికొక పంక్తి అనే అమరిక ముద్రణతో స్థిరపడింది. ఆ విధంగా రెండవ, మూడవ పరిహారాలు తాళపత్ర సంప్రదాయానికి, మొదటిది ముద్రిత గ్రంథానికి దగ్గరగా ఉంటాయి. గురుముఖంగా కావ్యం చదివే సంప్రదాయంలో గణవిభజన, పదవిభాగం, అన్వయం అని ఒకే పద్యాన్ని మూడు తీరుల విడదీసేవారు. ఒక్క వృక్షం ఈ మూడింటిలో ఒక్కదానిని మాత్రమే ప్రధానంగా చూపగలదు.

3. పాదం మధ్య పాఠభేదం:
వృక్షం సరిగా ఏర్పడినా పఠనం సరిగా జరుగుతుందనే హామీ లేదు. ఒక ఉత్పలమాల పాదాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. భ, ర, న, భ, భ, ర, వ గణాలతో ఇందులో ఇరవై అక్షరాలు ఉంటాయి. మూడవదైన నగణస్థానంలో ఒక ప్రతిలో ‘చనియె’ అని, మరొక ప్రతిలో ‘వెడలె’ అని ఉన్నట్లు భావిస్తే దాని అంకనం ఇలా ఉంటుంది:

<పాదం>(మొదటి ఆరు అక్షరాలు) <పాఠభేదం>
<స్వీకృతం ప్రతి="క">చనియె</స్వీకృతం>
<భిన్నం ప్రతి="చ">వెడలె</భిన్నం>
</పాఠభేదం> (చివరి పదకొండు అక్షరాలు)</పాదం>

ఎలిమెంట్ ట్రీలో ఒక అంశానికి ‘టెక్స్ట్’ అనే గుణం ఉంది. అది ఆ అంశంలో మొదటి ఉపాంశానికి ముందున్న పాఠాన్ని మాత్రమే ఇస్తుంది. పాఠభేదం తరువాత ఉన్న పదకొండు అక్షరాలు ‘పాదం’ అనే అంశానికి చెందినవిగా కాక, ‘పాఠభేదం’ అనే ఉపాంశానికి తోకగా, ‘టెయిల్’ అనే గుణంలో నిలువ అవుతాయి. కాబట్టి పాదం ‘టెక్స్ట్’ ఇమ్మని అడిగితే ఆరు అక్షరాలే వస్తాయి. పాదంలోని పాఠం మొత్తాన్ని వరుసగా ఇచ్చే ‘ఇటర్ టెక్స్ట్’ను అడిగితే ‘చనియె’, ‘వెడలె’ రెండూ చేరి ఇరవై మూడు అక్షరాలు వస్తాయి. పాఠభేదం అక్కరలేదని ఆ అంశాన్ని తొలగిస్తే, దాని తోక కూడా దానితోపాటే పోయి మళ్లీ ఆరు అక్షరాలే మిగులుతాయి. పాఠభేదం వెంటనే ఒక టిప్పణి ఉండి, ఆ టిప్పణిని మాత్రమే తొలగించినా చివరి పదకొండు అక్షరాలు దానితో పోతాయి. పాదానికి తొలిభాగం, స్వీకృతపాఠం, తోక అనే మూడింటిని వేర్వేరుగా తీసుకొని కలిపినప్పుడే ఇరవై అక్షరాల పాదం లభిస్తుంది.

పై సందర్భాలలో ఏ ఒక్కదానిలోనూ పైథాన్ దోషసూచన ఇవ్వదు. టి.ఇ.ఐ. ఫైళ్లలో మరొక చిక్కు ఉంది. వాటిలో ప్రతి ట్యాగు పేరూ ఒక నేమ్‌స్పేస్‌కు చెంది ఉంటుంది. ఆ నేమ్‌స్పేస్‌ను చెప్పకుండా ఒట్టి పేరుతో వెదికితే స్క్రిప్టు ఖాళీ జాబితాను ఇస్తుంది. ఆ శూన్యఫలితాన్ని ‘ఈ కావ్యంలో పాఠాంతరాలు లేవు’ అనే నిర్ధారణగా తీసుకునే ప్రమాదం ఉంది.

ఇక్కడ తెలుగు పరిశోధకునికి ఒక అనుకూలత ఉంది. వచనగ్రంథంలో పదకొండు అక్షరాలు లోపించినా, మూడు అక్షరాలు అధికమైనా యంత్రానికి తెలిసే మార్గం లేదు. వృత్తపద్యంలో ఛందస్సే సాక్షి. ఉత్పలమాలకు ఇరవై, చంపకమాలకు ఇరవై ఒకటి, శార్దూలానికి పందొమ్మిది, మత్తేభానికి ఇరవై అక్షరాలు ఉండాలి. వెలికితీసిన ప్రతి పాదాన్ని ఈ సంఖ్యతో సరిచూస్తే స్క్రిప్టు దోషాలు చాలావరకు బయటపడతాయి. లేఖకదోషాలను గుర్తించడానికి పరిష్కర్తలు ఛందస్సును ఆధారం చేసుకున్నట్లే, స్క్రిప్టు దోషాలకు కూడా దానిని ఆధారం చేసుకోవచ్చు.

ఈ పరీక్షకు హద్దులు కూడా ఉన్నాయి. ‘చనియె’, ‘వెడలె’ రెండూ మూడేసి లఘువులే. స్క్రిప్టు పొరపాటున భిన్నపాఠాన్ని స్వీకృతంగా గ్రహిస్తే ఛందస్సు దానిని పట్టుకోలేదు. అలాగే ఒక ప్రతిలోని పాఠం నిజంగానే ఛందోభంగమైనదైతే అది ఆ ప్రతి గురించిన సాక్ష్యం. దానిని నివేదించడం వరకే స్క్రిప్టు పని, దిద్దడం కాదు.

4. అక్షరం, సంధి, సమాసం:
అక్షరాల లెక్కింపు కూడా అనుకున్నంత సులభం కాదు. యూనికోడ్‌లో తెలుగు హల్లు, అచ్చు గుర్తు, పొల్లు వేర్వేరు సంకేతాలు. ‘స్త్రీ’ అనే ఏకాక్షరాన్ని పైథాన్ ఆరుగా లెక్కిస్తుంది. పైథాన్‌లోని ప్రామాణిక రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ మాడ్యూల్ గుణింతపు గుర్తులను పదంలోని వర్ణాలుగా పరిగణించదు. దానిలోని పదవర్ణ సంకేతంతో పదాలను వేరుచేస్తే ‘తెలుగు’ అనే మాట ‘త’, ‘ల’, ‘గ’ అని మూడు ముక్కలవుతుంది. తెలుగు అక్షరాన్ని నిర్వచించే నియమాన్ని పరిశోధకుడే స్క్రిప్టుకు ఇవ్వవలసి ఉంటుంది.

సంధి దగ్గర సమస్య మరింత సూక్ష్మమవుతుంది. ‘వాఁడు + ఎక్కడ’ కలిసి ‘వాఁడెక్కడ’ అయినప్పుడు ‘డె’ అనే అక్షరంలో హల్లు మొదటి పదానిది, అచ్చు రెండవ పదానిది. పదాలను ట్యాగులతో వేరుచేయాలంటే హల్లుకు, ఎత్వానికి మధ్య ట్యాగు పడాలి. ఎక్స్.ఎం.ఎల్. దీనిని నిషేధించదు. కాని రెండవ పదం ఆధారం లేని ఎత్వంతో మొదలై, తెరపై చుక్కల వలయంతో కనిపిస్తుంది. ‘ఎక్కడ’ అని వెదికేవారికి ఆ పదం దొరకదు.

దీని ప్రభావం యతి పరిశీలనపై కూడా ఉంటుంది. యతిస్థానంలో సంధి జరిగినప్పుడు పరపదాదిలోని అచ్చుకు మైత్రి పాటించడం స్వరప్రధానయతి. పైకి కనబడే ‘డె’ అనే అక్షరాన్ని మాత్రమే చూసే స్క్రిప్టు అక్కడ డకారమైత్రిని వెదికి, యతిభంగమని తీర్మానిస్తుంది. సంధిని విడదీయని హల్లుకే మైత్రి కూర్చే అఖండయతి విషయంలో లాక్షణికులకు అభిప్రాయభేదాలు ఉన్నాయి. స్క్రిప్టు దానిని అంగీకరించినా, నిరాకరించినా లాక్షణికుల వివాదంలో ఒక పక్షం వహించినట్లే.

గురులఘు నిర్ణయంలోనూ ఇదే పరిస్థితి కనిపిస్తుంది. ‘గుణక్షయము’ అనే సమాసంలో ‘క్ష’కు ముందున్న ‘ణ’ గురువు. ‘వాని క్షమ’ అన్నప్పుడు ‘ని’ లఘువుగానే నిలుస్తుంది. సంయుక్తాక్షరం ఏకసమాసంలోనిదా, వేరు పదంలోనిదా అని తెలిస్తే తప్ప గణవిభజన జరగదు. ఆ సమాచారం ఫైలులో ఉండేది ఒక్క ఖాళీ స్థలం రూపంలోనే. ఫైలును చూడముచ్చటగా పంక్తులు విడదీసి అమర్చే ప్రోగ్రాములు పాఠం మధ్య కొత్త ఖాళీలు చేరుస్తాయి. చాలా స్క్రిప్టులు అదనపు ఖాళీలను ఒకటిగా కుదిస్తాయి. పాదాలను కలిపేటప్పుడు నడుమ ఖాళీ ఉంచితే పాదాంతం దాటిన సమాసం విరుగుతుంది. ఉంచకపోతే సంబంధం లేని పదాలు అతుక్కుంటాయి. పంక్తి మారినా పదం ముగియలేదని తెలపడానికి టి.ఇ.ఐ.లో ప్రత్యేకమైన యాట్రిబ్యూట్ ఉంది. అంకనకర్త దానిని వాడాలి, స్క్రిప్టు దానిని గమనించాలి. ఈ రెండింటిలో ఒకటి లోపించినా ఫలితం ఒకటే.

5. ప్రతుల మౌనం:
పైన చూపిన దోషాలు శ్రద్ధతో సవరించుకోదగినవి. ప్రతుల సాక్ష్యానికి సంబంధించిన దోషం అంతకంటె తీవ్రమైనది. ఎక్స్.ఎం.ఎల్. పాఠం వల్ల కలిగే గొప్ప ప్రయోజనంగా సాధారణంగా చెప్పేది ఏ ప్రతి పాఠాన్ని ఆ ప్రతిగా పునర్నిర్మించగలగడం. ‘చ’ ప్రతి పాఠం కావాలంటే, పాఠభేదం ఉన్న ప్రతిచోటా ‘చ’ సంకేతం గల పాఠాన్ని, మిగిలిన చోట్ల స్వీకృతపాఠాన్ని తీసుకొమ్మని స్క్రిప్టుకు చెబితే చాలు. ముద్రిత గ్రంథం నుండి ఈ పని చేయడానికి నెలలు పడుతుంది.

ఇందులోని ‘మిగిలిన చోట్ల స్వీకృతపాఠం’ అనే మాటను నిలదీసి చూడాలి. పాఠాంతరాలను చూపే పద్ధతులు రెండు. స్వీకృతపాఠాన్ని సమర్థించే ప్రతులను కూడా పేర్కొనేది ఒకటి. భేదించే ప్రతులను మాత్రమే పేర్కొని, తక్కినవి ఏకీభవించినట్లు భావించేది రెండవది. రెండవ పద్ధతిలో మౌనం అంగీకారం. కాని ప్రతి మౌనంగా ఉండడానికి వేరే కారణాలు కూడా ఉంటాయి. ఆ భాగంలో పత్రాలు లుప్తమై ఉండవచ్చు. పురుగు కొట్టి అక్షరాలు పోయి ఉండవచ్చు. ఆ ప్రతి మూడవ ఆశ్వాసంతోనే ముగిసి ఉండవచ్చు. పరిష్కర్త దానిని కొన్ని ఆశ్వాసాలకే సరిపోల్చి ఉండవచ్చు. ముద్రిత గ్రంథంలో ఈ వివరాలు పీఠికలోని ప్రతుల వర్ణనలో ఉంటాయి. చదువరి పీఠికను గుర్తుంచుకొని అధోజ్ఞాపికను చదువుతాడు. స్క్రిప్టు పీఠికను చదవదు.

ఫలితంగా లేని పత్రం సాక్ష్యం చెప్పడం మొదలవుతుంది. ‘చ’ ప్రతిలో నాలుగవ ఆశ్వాసమే లేకపోయినా, స్క్రిప్టు ఆ ఆశ్వాసాన్ని మొత్తం స్వీకృతపాఠంతో నింపి ‘చ’ ప్రతి పాఠంగా అందిస్తుంది. ఆ తరువాత ప్రతుల సామ్యాన్ని లెక్కించినప్పుడు ‘చ’ ప్రతి పరిష్కర్త స్వీకరించిన పాఠానికి అత్యంత సన్నిహితమైనదిగా కనిపిస్తుంది. ఎంత ఎక్కువగా లోపించిన ప్రతి అంత ఎక్కువ ప్రామాణికంగా తేలడం ఇందులోని వైపరీత్యం. పాఠం స్వీకృతపాఠమే కాబట్టి ఛందస్సు సంపూర్ణంగా సరిపోతుంది. మూడవ విభాగంలో చెప్పిన పరీక్ష ఇక్కడ ఏమాత్రం పనిచేయదు.

ఒక ప్రతి సాక్ష్యం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో, నడుమ ఎక్కడ లోపం ఉందో తెలపడానికి టి.ఇ.ఐ.లో ట్యాగులు ఉన్నాయి. ముద్రిత గ్రంథం నుండి పాఠాన్ని ఎక్కించేటప్పుడు అధోజ్ఞాపికలను మాత్రమే ఎక్కించి, పీఠికను విడిచిపెట్టడం సులభం కాబట్టి ఈ ట్యాగులు వాడుకలోకి రాకపోయే అవకాశం ఎక్కువ. అవి లేకపోయినా ఫైలు నియమబద్ధమే. పార్సర్ పరిశీలించేది ట్యాగుల అమరికను, స్కీమా పరిశీలించేది ఏ అంశంలో ఏ అంశం ఉండవచ్చన్న నియమాన్ని. తాళపత్రం ఉందో లేదో ఆ రెండింటికీ తెలియదు.

6. సాదాపాఠం చాలదా?:
ఇన్ని చిక్కులు ఉన్నప్పుడు ట్యాగులు లేని సాదాపాఠమే మేలు కదా అనే ఆక్షేపణకు అవకాశం ఉంది. పదాల ఆవృత్తిని లెక్కించడానికి, ఒక పద్యాన్ని వెదకడానికి సాదాపాఠం సరిపోతుంది. కాని సాదాపాఠంలో ఒకే పాఠం ఉంటుంది. అది ఎవరు నిర్ణయించిన పాఠమో, ఎందుకు నిర్ణయించారో చెప్పడానికి అందులో చోటు లేదు. ఎక్స్.ఎం.ఎల్. పాఠంలోని చిక్కులు నిజానికి పరిష్కరణలోని చిక్కులే. ట్యాగు వాటిని పైకి తెచ్చింది. సాదాపాఠం వాటిని కప్పివేస్తుంది. కాబట్టి విడిచిపెట్టవలసింది పద్ధతిని కాదు, యంత్రం ఇచ్చిన ఫలితం నిష్పాక్షికమనే నమ్మకాన్ని.

7. ముగింపు:
* ఎక్స్.ఎం.ఎల్. వృక్షం పద్యానికి సహజమైన రూపం కాదు. పాదం, పదం, గణం ఒకదానినొకటి ఖండించుకుంటాయి కాబట్టి దేనికి ప్రాధాన్యం ఇచ్చినా అది సాహిత్యపరమైన నిర్ణయమే.
* పార్సర్ దోషం చూపకపోవడం పాఠశుద్ధికి ప్రమాణం కాదు. పాదంలో సగం లోపించినా, రెండు పాఠాలు కలిసిపోయినా స్క్రిప్టు ఆగదు.
* ఛందస్సు ఈ దోషాలలో కొన్నింటిని పట్టుకోగల పరీక్ష. అక్షరసంఖ్యను, గణాలను సరిచూడకుండా వృత్తపద్యాల గణాంకాలను ప్రకటించకూడదు.
* సంధి, సమాసం, యతి విషయాలలో స్క్రిప్టు పాటించే నియమాలు లాక్షణికుల అభిప్రాయాలలో ఒకదానిని అనుసరించేవే. ఏ మతాన్ని అనుసరించినదీ స్పష్టం చేయాలి.
* ప్రతుల మౌనాన్ని అంగీకారంగా భావించే స్క్రిప్టు లుప్తపత్రాన్ని సాక్షిగా నిలబెడుతుంది. ప్రతుల పరిధిని, లోపాలను అంకనంలో చేర్చనిదే ప్రతుల సామ్యాన్ని లెక్కించకూడదు.

పూర్వ పరిష్కర్తలు తాము చూసిన ప్రతులేవో, వాటి స్థితి ఏమిటో, ఏ సూత్రంతో పాఠాన్ని నిర్ణయించారో పీఠికలో చెప్పుకున్నారు. వారి నిర్ణయాలతో విభేదించే అవకాశం తరువాతి వారికి దక్కింది అందువల్లనే. స్క్రిప్టు సహాయంతో సిద్ధాంతవ్యాసం వ్రాసే పరిశోధకునికి కూడా ఈ బాధ్యత వర్తిస్తుంది. తుది పట్టికలతో పాటు అంకితపాఠాన్ని, దానిని చదివిన స్క్రిప్టును, అందులో తీసుకున్న నిర్ణయాల వివరణను అనుబంధంగా ఇవ్వడం, పరీక్షకులు దానిని అడగడం ఆచారంగా మారవలసి ఉంది. స్క్రిప్టు లేని పట్టిక, పీఠిక లేని పరిష్కృతగ్రంథం ఒక్కటే. రెండింటినీ నమ్మవచ్చు గాని పరీక్షించలేము.